చిన్న మంచాలు ఎందుకు ఆలస్యం, ఎవరికి ముందు ఇస్తున్నాం

చిన్న మంచాలకి అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న అందరికీ,

పైడితల్లమ్మ పండగలోపు ఇస్తామన్న మంచాలు మీలో చాలామందికి పండగలోపు రావు. కొందరికి మాత్రం వస్తాయి. ఆ కొందరూ అందరికంటే ముందు డబ్బు కట్టినవాళ్లు కారు. ఈ సంగతి ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా చెప్పడం నాకిష్టం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. విజయనగరంలో మాది పిల్లల మంచాలు చేసే వర్క్‌షాప్. చంటిపిల్లలకి చుట్టూ ఊచలుండే బేబీ కాట్లు చేస్తాం. కాస్త పెద్దయ్యాక వాళ్లంతట వాళ్లే ఎక్కి దిగే చిన్న మంచాలు చేస్తాం. కాట్ కొన్నవాళ్లే రెండేళ్లు తిరిగేసరికి చిన్న మంచం కోసం మళ్లీ వస్తారు. మా నాన్న మొదలుపెట్టిన ఈ పని ఇలా తిరిగొచ్చిన మీవల్లే నిలబడింది.

ముందు కర్ర సంగతి చెప్పాలి. మేం వాడేది పనస. బొబ్బిలి వీణ చెక్కేదీ ఈ కర్రతోనే. కొత్తగా కోస్తే పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ గోధుమరంగులోకి తిరుగుతుంది. చేవ ఉన్న ముక్కకి పురుగు తొందరగా పట్టదు. కాకపోతే బాగా ఆరాలి. గాలికి వదిలేస్తే అంగుళం మందానికి ఏడాది పడుతుందని పాత లెక్క. మాకు అంత స్థలం లేదు కాబట్టి ఆరబెట్టిన పలకలనే డిపోలో కొంటాం, ఆరబెట్టినందుకు వేరే రేటు కడతాం. మా నాన్న కాలం నుంచి ఒకే డిపో. మాటమీదే సరుకు వచ్చేది, మాటమీదే డబ్బు వెళ్లేది.

ఈసారి వచ్చిన లోడు చూడటానికి బాగానే ఉంది. పైన గోధుమరంగు తిరిగింది, చేత్తో తడిమితే పొడిగా ఉంది. తేమ కొలిచే మీటర్ సూదులు పైన గుచ్చితే 13 శాతం చూపించింది. మా పెద్దమేస్త్రి మాత్రం ఒక పలక ఎత్తి పట్టుకుని, బరువుగా ఉందమ్మా, కోసి చూద్దామన్నారు. మధ్యకి కోశారు. కోసిన ముఖం లేత పసుపులో మెరుస్తోంది, చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అక్కడ మీటర్ 22 చూపించింది. మంచానికి వాడే కర్రలో 12కి మించి ఉండకూడదని మా పద్ధతి. ఇంకో పలక కోశాం, ఇంకోటి కోశాం. లోపలంతా పచ్చి కర్రే.

డిపోకి ఫోన్ చేస్తే, వర్షాకాలం కదమ్మా, గాలిలో తేమ పట్టేసుంటుంది అన్నారు. గాలి తేమ పడితే ముందు పై పొరకి పడుతుంది. పైన పొడిగా ఉండి నడుమ తడిగా ఉందంటే ఆ కర్ర ఆరనే లేదని అర్థం. ఇరవై ఏళ్లుగా కర్ర అమ్ముతున్న మనిషికి ఇది నేను చెప్పాల్సిన పనిలేదు. ఆ తరవాత ఆయన అన్న మాట ఇంకా మింగుడుపడటం లేదు: "పిల్లల మంచమే కదా, రెండేళ్లు వాడి తీసేస్తారు. సందులొస్తే లప్పం పెట్టి రంగేసేయండి, రేటులో సగం తగ్గిస్తాను."

లప్పం పెట్టి రంగేస్తే మీలో ఒక్కరికి కూడా తెలియకపోవచ్చు. కానీ జరిగేది ఇది. కర్ర ఆరేకొద్దీ పొడవులో పెద్దగా తగ్గదు, అడ్డంలో తగ్గుతుంది. నాలుగంగుళాల పలక రెండు మిల్లీమీటర్ల దాకా కుంచించుకుపోతుంది. అంగుళం లావు ఊచ రంధ్రంలో వదులైపోయి, వేలితో తిప్పితే తిరుగుతుంది. పక్క అడ్డపట్టీ మెలి తిరిగి పరుపుకీ దానికీ మధ్య సందు పెరుగుతుంది. పెద్దవాళ్ల మంచానికైతే కిర్రుమని చప్పుడొస్తుంది, అంతే. పిల్లల మంచంలో ఆ సందులో చెయ్యో కాలో, ఒక్కోసారి మెడో ఇరుక్కుంటుంది. పరుపుకీ అంచుకీ మధ్య రెండు వేళ్లకి మించి సందు ఉండకూడదని మీ అందరికీ చెప్పి అమ్మేది నేనే. ఆరు నెలలకి ఆ సందు దానంతటదే పెరిగే మంచాన్ని నా చేత్తో మీ ఇంటికి పంపలేను.

లోడు మొత్తం వెనక్కి పంపేశాను. లారీ కిరాయి మేమే పెట్టుకున్నాం. మేం కట్టిన డబ్బులో కొంత ఇంకా వాళ్ల దగ్గరే ఉంది, అది వేరే గొడవ. ఇకమీదట ఆ డిపో నుంచి మా వర్క్‌షాప్‌లోకి పుల్ల కూడా రాదు. మా నాన్న, ఇన్నేళ్ల పరిచయం కదమ్మా, ఇంకోసారి చూద్దాం అన్నారు. ఆయన మాట కాదన్నది చాలా తక్కువసార్లు. ఈసారి కాదన్నాను.

ప్లైవుడ్‌తోనో, చెక్కపొడి నొక్కి చేసే పార్టికల్ బోర్డుతోనో చేసిచ్చేయమని కొందరు అడిగారు. వాటితో మంచి మంచాలు చేసేవాళ్లు ఉన్నారు, అవి కొనుక్కుంటే నాకు బాధ లేదు. మీరు డబ్బు కట్టింది మాత్రం పనస మంచానికి.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. గోడౌన్‌లో మా నాన్న ఎప్పటినుంచో అట్టేపెట్టిన పాత పనస పలకలు కొన్ని ఉన్నాయి. ఎముకలా ఆరిన కర్ర. కానీ అది ఐదారు మంచాలకే సరిపోతుంది, జాబితాలో ఉన్నవాళ్లు అంతకు చాలా రెట్లు. ఎవరికి ఇవ్వాలి?

వ్యాపారంలో దీనికి జవాబు తేలిక: ముందు ఎవరు కడితే వాళ్లకి. నేనూ అలాగే మొదలుపెట్టాను, రసీదు పుస్తకం తీసి వరసగా పేర్లు రాసుకున్నాను. మొదటి పేరు వాళ్ల పిల్లకి ఏడాది నాలుగు నెలలు. తొందరగా బుక్ చేసుకున్నారు, అంతే. కాట్లో హాయిగా పడుకుంటోంది. జాబితాలో బాగా కింద నెల్లిమర్ల వైపు నుంచి ఒక మామ్మగారు ఉన్నారు. ఆవిడ ఫోన్ చేసి అన్న మాట: "అమ్మా, మా గుంటడు ఊచల మీంచి కాలేసేస్తన్నాడు. రేత్రి నాను కాట్ పక్కనే చాపేసుకు కూకుంటన్నాను." కొడుకూ కోడలూ షిఫ్టు ఉద్యోగాలు. ఆ పెద్దావిడ రాత్రంతా కాపలా కాస్తున్నారు.

కాట్ ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. ఊచలు దాటడం నేర్చిన పిల్లలు కిందపడేది తలకిందులుగా. ఎత్తు 35 అంగుళాలు దాటినా, లోపల నిలబడితే పైకర్ర రొమ్ముల దాకానో ఇంకా కిందకో వచ్చినా, ఇక కాట్ వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. ఈ రెండూ లేకపోతే తొందర లేదు. ఏడాదిన్నరకి మారేవాళ్లున్నారు, మూడేళ్లు దాటాక మారేవాళ్లూ ఉన్నారు.

అందుకని జాబితా తిరగరాశాను. ఊచలు దాటుతున్న పిల్లలకి ముందు, ఎత్తు మించినవాళ్లకి తరవాత, మిగతా అందరికీ కట్టిన వరసలో.

ఇది తెలిసి కొందరికి కోపం వచ్చింది. ముందు కట్టిన మా డబ్బుకి విలువ లేదా అని చీపురుపల్లి నుంచి ఒకాయన అడిగారు. ఆయన అడిగింది న్యాయమే, ఆయనకి ఆ హక్కు ఉంది. కానీ తెలిసినవాళ్లకి ముందు ఇచ్చేసుకుంటోందని ఇంకొకరు అన్నారట. ఆ మాట మాత్రం చాలా నొప్పించింది. ఆ మామ్మగారి ముఖం నేను ఇంతవరకూ చూడలేదు. ముందు ఇస్తున్న మంచాల్లో మా చుట్టాలకి వెళ్లేది ఒక్కటీ లేదు. మా అప్ప కూతురికి బుక్ చేసిన మంచం జాబితా అడుగునే ఉంది, పిల్ల ఇంకా పొట్టిది కాబట్టి. ఎవరైనా వచ్చి రసీదు పుస్తకం చూసుకోవచ్చు. వరస మాత్రం మార్చను.

ఈలోగా ఏం చెయ్యాలని మీరు అడుగుతున్నారు.

పిల్లలు ఊచలు దాటకపోతే కాట్‌నే వాడండి. పరుపు పలకని అన్నిటికన్నా కింది మెట్టుకి దించండి. కాలు పెట్టి ఎక్కడానికి వీలయ్యే దిండ్లూ పెద్ద బొమ్మలూ తీసేయండి. దాటేస్తుంటే మాత్రం మా మంచం కోసం ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఇవాళ రాత్రే పరుపు నేలమీద వేసేయండి. గోడకీ పరుపుకీ మధ్య పిల్ల ఇరుక్కునే సందు లేకుండా చూసుకుంటే చాలు. మా మంచం కూడా నేల నుంచి జానెడు ఎత్తే కాబట్టి, అలవాటుపడ్డాక మంచం ఎక్కడానికి పేచీ ఉండదు.

ఒక పక్క ఊచలు పీకేసి పాత కాట్‌నే మంచంలా వాడొచ్చా అని చాలామంది అడిగారు. మేం చేసిన కాట్లకి అది కుదరదు. నాలుగు పక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేలా చేసినవి, ఒక పక్క తీస్తే మొత్తం ఊగుతుంది. అలా తీయడానికి వీలుగానే చేసినవి వేరే ఉంటాయి. అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఒక పక్క కిందికి జారే కాట్ గురించి కూడా అడుగుతుంటారు. ఆ రకం అమ్మకం అక్కడ 2011 జూన్ నుంచి నిషేధం. ఆ జారే పక్క ఊడి, సందులో పసిపిల్లలు ఇరుక్కుని చనిపోయారు. మేం అవి ఎప్పుడూ చెయ్యలేదు, చెయ్యం.

మంచమైనా నేలమీద పరుపైనా, పిల్లలు రాత్రి లేచి గదిలో తిరుగుతారన్నది గుర్తుపెట్టుకోండి. మన ఇళ్లలో నాకు ముందు భయం వేసేది బాత్‌రూంలో నింపి ఉంచే నీళ్ల బకెట్. రాత్రికి బకెట్ ఒంపేయండి, తలుపుకి పిల్లలకి అందని ఎత్తులో గడియ పెట్టించండి. బీరువానీ టీవీ స్టాండునీ గోడకి బిగించండి, సొరుగులు మెట్లలా ఎక్కి మీద పడేసుకుంటారు. మేడ మెట్లకి అడ్డం పెట్టండి. దోమతెర తాళ్లు చేతికి అందేలా వేలాడనివ్వొద్దు. లేచి వచ్చేస్తే తిట్టొద్దు, కబుర్లూ పెట్టొద్దు, తీసుకెళ్లి పడుకోబెట్టండి. మొదటి వారం పదిసార్లు వస్తారు, ఓపిక పట్టండి.

ఇంకో బిడ్డ వస్తోంది, కాట్ ఖాళీ చెయ్యాలి అన్నవాళ్లు జాబితాలో చాలామందే ఉన్నారు. మీకు నేను చెప్పేది, కంగారు పడొద్దు. పురుడు నెల దగ్గర పడ్డాక పెద్దపిల్లని కాట్ నుంచి తీసేస్తే, చెల్లి వచ్చి నా చోటు లాక్కుందని అనిపిస్తుంది. కొన్ని వారాలు ముందే మార్చాలి, లేకపోతే బిడ్డ వచ్చి ఇల్లు కుదుటపడ్డాక మార్చాలి. పురిటికి పుట్టింటికి వెళ్లేవాళ్లయితే అసలే తొందర లేదు. పెద్దపిల్ల కూడా మీతోపాటే వస్తుంది, అమ్మమ్మ ఇంట్లో ఎలాగూ వేరే పక్క. తిరిగొచ్చాక కొత్త మంచం చూపించండి. అప్పటికి మా మంచం కూడా మీ ఇంట్లో ఉంటుంది.

కొత్త కర్ర విశాఖలో వేడిగదిలో ఆరబెట్టి ఇచ్చేవాళ్ల దగ్గర మాట్లాడాను. ఈసారి లారీ దిగకముందే పలకలు కోసి, మధ్యలో మీటర్ పెట్టి చూస్తాను. కార్తీకమాసంలో పని మొదలవుతుంది. తేదీ కర్ర చూశాకే చెబుతాను. కొత్త కర్ర ఖరీదెక్కువే, అయినా మీ రేటు పెంచను.

ఆగలేమనుకున్నవాళ్లు రసీదు ఫొటో పంపితే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇస్తాను, కారణం అడగను. ఆగేవాళ్లు పిల్లల ఎత్తు, కాట్లో నిలబడితే పైకర్ర ఒంటికి ఎక్కడిదాకా వస్తోందన్నది కొలిచి పంపండి. ఊచలు దాటడం మొదలుపెడితే ఏ టైమైనా ఫోన్ చెయ్యండి, వరసలో మీ పేరు పైకి జరుపుతాను.