ప్రాజెక్టు పిల్లలదా, నెట్ సెంటర్‌దా?

హైదరాబాద్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

ఏడాది మధ్యమధ్యలో స్కూల్లోనే పెట్టే ఫార్మేటివ్ పరీక్ష 20 మార్కుల్లో 5 ప్రాజెక్టుకి. పిల్లలే ప్రశ్న వేసుకుని వెతకాలని ఉద్దేశం. కానీ టాపిక్ స్కూల్ ఇస్తుంది, బొమ్మలు నెట్ సెంటర్‌లో దొరుకుతాయి, రాత్రి పదకొండింటికి అతికించేది నేను. (చేతిరాత బాగుందని మేడమ్ మెచ్చుకున్నారు కూడా!)

మొన్న మా అమ్మాయి, "మూసీ నీళ్లు ఎందుకు నల్లగా ఉంటాయో చేస్తానమ్మా" అంది. లిస్టులో లేదని వద్దన్నారు. అనంతగిరి కొండల్లో పుట్టి మన ఊరి మధ్యలోంచే పోయే నది అది. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద కాసేపు నిలబడితే సగం పాఠం కళ్లముందే ఉంటుంది.

టీచర్లను అనను, సిలబస్ టెన్షన్ వాళ్లది. ఏడాదికి ఒక్క ప్రాజెక్టయినా పిల్లలే ఎంచుకుని, తరగతిలోనే చేసేలా హెడ్మాస్టర్లకు సర్క్యులర్ పంపండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి