2 శాతం సరే, మిగతా 98 మాటేమిటి?

సంపాదకుల వారికి,

కంపెనీలు బడికి బెంచీలిచ్చి ఫొటోలు వేయించుకున్నప్పుడల్లా నాకు సత్యం కంప్యూటర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీయే గుర్తొస్తుంది. 2005లో మనకు 108 అంబులెన్సులు తెచ్చింది ఆ సంస్థ అధినేత రామలింగరాజు గారే, దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి, నిజంగా గొప్ప పని. కానీ ఆయనే 2009 జనవరి 7న, లేని వేల కోట్లు ఖాతాల్లో ఉన్నట్టు చూపించామని లేఖ రాస్తే ఒక్కరోజులో షేరు కుప్పకూలింది, దాదాపు 50 వేల మంది ఉద్యోగుల ఇళ్లలో ఒకటే టెన్షన్. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలంది. మంచిదే. మరి ఆ లాభం ఎలా వచ్చింది, కాంట్రాక్టు కార్మికుడికి పీఎఫ్ కట్టారా, తప్పు ఎత్తిచూపిన ఉద్యోగిని ఉంచారా తీసేశారా అన్నది కూడా వార్షిక నివేదికలో ఆ ఫొటోల పక్కనే రాయించాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్