బీచ్ రోడ్డులో మీటర్లు బిగించేముందు: విశాఖ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం. బీచ్ రోడ్డులో బిగించబోయే తేమ, శబ్దం మీటర్లను ముందుగా ఎలా సరిచూడాలో చెప్పడానికే ఈ లేఖ.

జగదాంబ కూడలిలో సరిగ్గా పనిచేసే తేమ సెన్సర్ ఆర్కే బీచ్ ఎదుట అలాగే పనిచేస్తుందన్న నమ్మకం లేదు. అలల తుంపర ఎండి, ఉప్పు రేణువులై సెన్సర్‌లో తేమను పసిగట్టే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి) పొర మీద చేరుతుంది. తేమ 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు నీరు పట్టేస్తుంది. ఇక సెన్సర్ గాలి సంగతి వదిలేసి, తన మీదున్న ఉప్పునీటి సంగతే చెబుతుంది.

పరీక్షకు పెద్ద ఖర్చేం లేదు. మూత బిగుతుగా పట్టే డబ్బాలో శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ను (వంటింటి అయోడిన్ ఉప్పు వద్దు) డిస్టిల్డ్ వాటర్‌తో తడి ఇసుకలా కలపాలి. ఉప్పు మొత్తం కరిగిపోతే లెక్క తప్పుతుంది. సెన్సర్‌ను దానికి తగలకుండా వేలాడదీసి ఒక రోజు ఉంచితే 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి. మెగ్నీషియం క్లోరైడ్‌తో అయితే 33. రెండూ చూడాల్సిందే.

శబ్దం మీటరును కొలతకు ముందూ తర్వాతా 94 డెసిబెల్ క్యాలిబ్రేటర్‌తో (కచ్చితంగా అంతే శబ్దం ఇచ్చే పరికరంతో) సరిచూడాలి. మైకుకు స్పాంజి టోపీ తప్పనిసరి. గాలి సెకనుకు 5 మీటర్లు దాటితే ఆ రీడింగులు పక్కన పెట్టేయాలి. గోడ దగ్గర బిగిస్తే ప్రతిధ్వనితో 3 డెసిబెల్లు అదనంగా రావచ్చు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45. ఆ మూడు డెసిబెల్లతోనే నిర్ణయం తారుమారవుతుంది.

ఈ పరీక్షల తేదీలు, ఫలితాలు జనానికి చూపాలన్న షరతును టెండరులోనే పెట్టించండి.

ఇట్లు,
కొలతల పని తెలిసిన విశాఖవాసులు