ఏప్రిల్ నుంచి నూనె రేటు, ఆదివారం విజిట్లు, మన ముసలి కుందేళ్ళు

అందరికీ నమస్తే. ముందు రేటు సంగతి చెప్పేస్తా, లేకపోతే కింద, జనం వదిలేస్తే మనం సాకుతున్న కుందేళ్ళ గురించి చదివి "ఓహో, వీటి ఖర్చు మా మీద వేస్తోందన్నమాట" అనుకుంటారు. ఏప్రిల్ 1 నుంచి పల్లి నూనె లీటరుకి 30 రూపాయలు పెరుగుతోంది. మనం వనపర్తి వైపు నుంచి యాసంగి పల్లీ తెప్పిస్తాం కదా, ఈసారి గింజ రేటే ఎక్కువ పడింది, చెక్క గానుగలో లీటరు నూనె దిగాలంటే దాదాపు 2.5 కిలోల గింజలు పోయాలి, అంటే కిలోకి 12 రూపాయలు పెరిగితే మనకి లీటరు మీద 30 పడుతుంది, అంతే లెక్క. నువ్వుల నూనె, కొబ్బరి నూనె పాత రేటే.

జంతువుల ఖర్చు నూనె రేటులో ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అది గేదెల వాళ్ళు కొనుక్కెళ్ళే పల్లి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) డబ్బుల్లోంచి పోతుంది, అది చాలనప్పుడు మా ఆయన జీతంలోంచి (ఆయన ముందు ఈ టాపిక్ తీయకండి). బాటిల్ మీద కుందేలు బొమ్మ వేయండి, "మీరు కొనే ప్రతి లీటరూ ఒక ప్రాణాన్ని కాపాడుతుంది" అని రాయండి, సేల్స్ పెరుగుతాయి అని మంచి మనసుతో చెప్పిన వాళ్ళున్నారు. వద్దండీ. నూనె నచ్చితే కొనండి, నచ్చకపోతే మొహం మీదే చెప్పండి.

ఇక కుందేళ్ళని చూడటానికి మీరొచ్చే ఆదివారం విజిట్లు. ఏప్రిల్ నుంచి ఆపేస్తున్నాం. వానలు పడి చల్లబడ్డాక వచ్చి చూడొచ్చు, కానీ ఎత్తుకోవడం, ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు దిగడం ఇక ఏ సీజన్‌లోనూ ఉండదు. ఇది విని కొందరు పిల్లలు ఏడుస్తారని తెలుసు, పెద్దవాళ్ళు కూడా ఒకరిద్దరు అలుగుతారు.

ఎందుకో చెప్తా. మన దగ్గరున్నవి దాదాపు అన్నీ 2020 లాక్‌డౌన్ బ్యాచ్. స్కూళ్ళు మూసేశారు, పిల్లలు ఇంట్లో గోల, ఒక కుందేలు పిల్లని తెచ్చి ఇచ్చారు, షాపు వాడేమో ఇంతకంటే పెరగదు, రెండు మూడేళ్ళు ఉంటుంది అన్నాడు. నిజానికి సరిగ్గా చూసుకుంటే కుందేలు 8 నుంచి 12 ఏళ్ళు బతుకుతుంది. తర్వాత పిల్లలకి టెన్త్ వచ్చింది, ఫ్లాట్ మారారు, ఓనర్ ఒప్పుకోలేదు, మన గేటు దగ్గరికి అట్టపెట్టె వచ్చింది. 5, 6 ఏళ్ళు దాటితే కుందేలుకి ముసలితనం మొదలైనట్టే, అందుకే ఇప్పుడు అన్నీ ఒకేసారి ముసలివయ్యాయి, ఒకదానికి కళ్ళలో శుక్లాలు, ఇంకోదానికి పాదాల కింద బొచ్చు ఊడిపోయి పుండ్లు, బొబ్బట్టుకి (గోధుమ రంగుది, చాలామందికి తెలుసు) వెనక కాళ్ళలో కీళ్ళనొప్పులు.

ఎత్తుకున్నప్పుడు "అబ్బ, ఎంత బుద్ధిగా కూర్చుందో" అంటారు చూడండి, అది బుద్ధి కాదండీ, భయం. కుందేలు పుట్టిందే గద్దకీ నక్కకీ దొరక్కుండా బతకడానికి, దాన్ని నేల మీంచి లేపారంటే ఏదో పట్టుకుపోతోందనే దాని లెక్క. భయపడి ఒక్కసారి వెనక కాళ్ళతో గట్టిగా తన్నిందంటే దాని వెన్నెముక అదే విరగ్గొట్టుకోవచ్చు. నొప్పి ఉన్నా బయటికి కనిపించనివ్వదు, అరవదు, మూలకి పోయి కూర్చుంటుంది అంతే.

బొబ్బట్టు పొద్దున ఎలా ఉంటుందో చెప్తే మీకే అర్థమవుతుంది. కుందేళ్ళు రెండు రకాల పెంటికలు వేస్తాయి, గట్టి గుండ్రటివి మీరు చూసే ఉంటారు, రెండోవి మెత్తగా, జిగురుగా, చిన్న ద్రాక్ష గుత్తిలా ఉంటాయి, వాటిని అవి వంగి నేరుగా నోటితో తీసుకుని తినేస్తాయి, ఛీ అనకండి, బి విటమిన్లు అందులోనే ఉంటాయి. బొబ్బట్టుకి నడుము వంగదు కాబట్టి అవన్నీ కిందే అంటుకుపోయి, దాని మీద ఉచ్చ తడి చేరి, ఎండాకాలం ఈగ ఒక్కటి వాలి గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజులో పురుగులు పడతాయి. అందుకే రోజూ తెల్లారే గానుగ ఆన్ చేయకముందే గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి ఆ బొచ్చు విడదీస్తూ తుడవాలి, తుడిచాక పూర్తిగా ఆరబెట్టాలి, మొత్తం స్నానం మాత్రం చేయించకూడదు, ఆ భయానికే కొన్ని ప్రాణం వదిలేస్తాయి. తర్వాత నొప్పికి డాక్టర్ రాసిన మెలోక్సికామ్ చుక్కలు, బరువుని బట్టి, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి. బరువు చూడటానికి షాపులో పాత కాటానే, మీద తువ్వాలు పరిచి కూర్చోబెడతాం. ముసలి కుందేలు బరువు కొంచెం తగ్గిందంటే చాలు, ముందు నోరు చూపించాలి.

నోరు అంటే గుర్తొచ్చింది, మన ఎద్దు భీముడు. ఇదివరకు ఎద్దు గానుగ తిప్పినవాడు, మోటారు పెట్టినప్పటి నుంచి రిటైర్డ్. వాడి పళ్ళు అరిగిపోయి జొన్న చొప్ప నమలలేకపోతున్నాడు, సన్నగా కోసి తవుడు తడిపి కలిపి పెడుతున్నాం, దంటు మాత్రం ఏరి పక్కన పడేస్తాడు దొరగారు. కుందేలు బాధ దీనికి రివర్స్. దాని పళ్ళు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్ళైతే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు, గడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. నమలకపోతే దవడ పళ్ళు మొనలు తేలి నాలుకని, బుగ్గని కోస్తాయి, నోరు నొప్పికి తిండి మానేస్తుంది, తిండి మానేస్తే పేగు కదలడం ఆగిపోతుంది, దానికి కక్కుకోవడం కూడా చేతకాదు. సగం రోజు తినలేదంటే ఎమర్జెన్సీయే, రేపు చూద్దాంలే అనే పనుండదు. అందుకే మీరు ప్రేమగా తెచ్చే క్యారెట్లు, ఆపిల్స్, బిస్కెట్లు నేను తీసుకుని పక్కన పెట్టేస్తుంటాను, ఏమీ అనుకోకండి. వాటికి కావాల్సింది గడ్డి, గడ్డి, గడ్డి. బయటి దేశం తిమోతి గడ్డి మన బడ్జెట్ కాదు కాబట్టి ముఖ్యంగా గరిక, నీడలో ఆరబెట్టింది. లూసర్న్ (పశువులకి వేసే పచ్చిమేత) అయితే కొంచెమే, అందులో కాల్షియం ఎక్కువ, ముసలి వాటికి ఉచ్చ సున్నంలా గట్టిపడుతుంది.

ఎండ సంగతి వేరే చెప్పాలా. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచే పోవాలి, 30 డిగ్రీలు దాటితేనే కష్టపడుతుంది, ఇక మన మే నెల 42 ఎలా ఉంటుందో చూసుకోండి. షెడ్డుకి పడమటి వైపు వట్టివేళ్ళ తడికెలు కట్టి తడుపుతున్నాం, బాటిళ్ళలో నీళ్ళు గడ్డకట్టించి గుడ్డ చుట్టి పక్కన పెడుతున్నాం, మధ్యాహ్నం చెవులు తడి చేత్తో నిమురుతున్నాం. కరెంటు పోతే నూనె ఆర్డర్లు ఆగుతాయి, ఫోన్ ఎత్తకపోతే నేను షెడ్డులో ఉన్నట్టు.

కొత్త కుందేళ్ళు తీసుకోవట్లేదు. దయచేసి గేటు దగ్గర వదిలి వెళ్ళకండి, రాత్రిళ్ళు ఇక్కడ కుక్కలు తిరుగుతాయి, పొలాల్లో వదిలినా అదే గతి, అది పెంపుడు కుందేలు, దానికి బయట బతకడం రాదు. మీ దగ్గర ఆడ కుందేలుంటే గర్భసంచి తీయించండి, తీయించకపోతే నాలుగేళ్ళు దాటాక అక్కడ క్యాన్సర్ వచ్చే ఛాన్స్ చాలా ఎక్కువ, మన దగ్గర రెండు అలాగే పోయాయి. ఆపరేషన్‌కి కుందేళ్ళు చూసే డాక్టర్ దగ్గరికే వెళ్ళండి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్ సిరప్ పోయడం, కుక్కకి పిడుదులు పోవడానికి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కొట్టడం మాత్రం అస్సలు వద్దు, రెండూ కుందేలుకి ప్రాణం మీదికి తెస్తాయి. అలాగే పొలంలో చెవుల పిల్లి (అడవి కుందేలు) పిల్లలు కనిపిస్తే జాలిపడి నా దగ్గరికి తేకండి, తల్లి రోజుకి ఒక్కసారి చీకటిపడే వేళకి వచ్చి పాలిచ్చి వెళ్తుంది, అవి అనాథలు కావు, పైగా అడవి జంతువు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

సాయం చేస్తామని అడిగేవాళ్ళకి: పాత కాటన్ తువ్వాళ్ళు, మందు కొట్టని చోట కోసిన గరిక (రోడ్డు పక్కది వద్దు, పార్కు లాన్‌ది అసలే వద్దు). వినాయక చవితప్పుడు గరిక కట్టలు తెచ్చిచ్చిన బ్యాంకు కాలనీ అక్కలకి మళ్ళీ థ్యాంక్స్.

నూనె పికప్ ఎప్పటిలాగే షాపు దగ్గర, పొద్దున 10 నుంచి 1 వరకు, సోమవారం సెలవు. పాత రేటుకి కావాల్సిన వాళ్ళు మార్చి 31 లోపు ఆర్డర్ పెట్టేయండి, మనిషికి 5 లీటర్లు మాత్రమే. స్టీల్ క్యాన్లు తీసుకెళ్ళి ఇంకా ఇవ్వని వాళ్ళు, పేర్లు రాయను, మీకే తెలుసు, వచ్చేటప్పుడు పట్టుకురండి.