డీప్ పర్పుల్ కథలో ఆర్గాన్ ఏమైంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో డీప్ పర్పుల్ బ్యాండు మీద వచ్చిన వ్యాసం చదివాం. ఇంగ్లండు రాక్ బ్యాండు గురించి తెలుగులో నిండు పేజీ రావడం అరుదు కాబట్టి సంతోషించాం. కానీ పేర్లలో, తేదీల్లో కొన్ని తప్పులు దొర్లాయి. వాటినైతే దిద్దుకుంటే సరిపోతుంది. అసలు బాధ వేరు. వ్యాసమంతా గిటారు చుట్టూ తిరిగింది. ఆర్గాన్ వాయించిన జాన్ లార్డ్‌కి దక్కింది ఒక్క వాక్యం. పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్లం, సౌండ్ చూసుకునేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. హార్మోనియం లేని పద్యనాటకం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆర్గాన్ లేని డీప్ పర్పుల్ కథా అంతే.

ముందు తప్పులు. ఇయాన్ గిల్లన్ ఆ బ్యాండు మొదటి గాయకుడు కాడు. 1968లో బ్యాండు మొదలైనప్పుడు పాడింది రాడ్ ఇవాన్స్, బేస్ వాయించింది నిక్ సింపర్. వాళ్లతో పాటు గిటారు రిచీ బ్లాక్‌మోర్, డ్రమ్స్ ఇయాన్ పేస్, ఆర్గాన్ జాన్ లార్డ్. ఆ ఏడాదే వచ్చిన 'హష్' అమెరికా పట్టికలో 4వ స్థానం దాకా వెళ్లింది. అది వాళ్ల సొంత పాట కాదు, జో సౌత్ రాసినది. అందులో చెవికి పట్టుకునే వాద్యం ఆర్గానే. సుమారు ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు చేశాక, 1969 నడిమధ్యలో ఇవాన్స్‌ని, సింపర్‌ని తీసేసి, 'ఎపిసోడ్ సిక్స్' అనే బ్యాండు నుంచి గిల్లన్‌ని, రోజర్ గ్లోవర్‌ని తెచ్చుకున్నారు. అభిమానులు 'మార్క్ టూ' అనేది ఈ జట్టునే. ఇప్పటిదాకా అన్ని జట్లలోనూ ఉన్నవాడు పేస్ ఒక్కడే. వ్యాసంలో బ్లాక్‌మోర్ అని పడింది, అది సరికాదు.

రెండోది, మాంట్రూ అగ్నిప్రమాదం. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంట్రూ ఊరి క్యాసినోలో జరుగుతున్నది ఫ్రాంక్ జప్పా కచేరీ. డీప్ పర్పుల్ వాళ్లు మర్నాటి నుంచి అక్కడ ఆల్బమ్ రికార్డు చేసుకుందామని వచ్చి ఉన్నారు. ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ తుపాకీ పైకప్పులోకి పేల్చడంతో భవనం తగలబడింది. జెనీవా సరస్సు మీద పరుచుకున్న ఆ పొగే 'స్మోక్ ఆన్ ద వాటర్' పాటయింది. క్యాసినో పోయాక పెవిలియన్ అనే థియేటర్లోకి వెళ్లారు. ఆ పాట వాద్యాల భాగం అక్కడే రికార్డయింది. హోరు భరించలేక చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేయడం, పోలీసులు రావడం, అక్కణ్నుంచీ లేచిపోవడం జరిగాయి. చివరికి చలికాలం మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో పరుపులు అడ్డుపెట్టుకుని, బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగు లారీ నిలబెట్టుకుని మిగతాది ముగించారు. గదుల్లోంచి లారీ దగ్గరికి రావడమే పెద్ద ప్రయాస కావడంతో, రికార్డు చేసింది వెనక్కి వేసుకుని వినడం దాదాపు మానేశారు. అలా తయారైన 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌లో ఆ పచ్చిదనం, ఆ వేడి చాలావరకు అందుకేనని మా అభిప్రాయం. 1972 మార్చిలో అది విడుదలైంది.

ఇక ఆర్గాన్ సంగతి. లార్డ్ వాయించింది హామండ్ సి-3. ప్రసిద్ధమైన బి-3కీ దీనికీ లోపలి యంత్రం ఒకటే, తేడా చెక్క పెట్టెలోనే. హార్మోనియంలా గాలితో, రీడ్లతో పలికేది కాదు. లోపల ఇరుసుల మీద పళ్లున్న చక్రాలు 91 తిరుగుతుంటాయి. ఒక్కో చక్రం పక్కన అయస్కాంతం మీద చుట్టిన తీగచుట్ట ఉంటుంది. పళ్లు దాని ముందు నుంచి దాటుతుంటే సన్నటి విద్యుత్ తరంగం పుడుతుంది. అదే స్వరం. ఒక్కో వరస మెట్లకి తొమ్మిదేసి కడ్డీల గుంపులు రెండుంటాయి. ఏది ఎంత లాగితే ఆ ధ్వని అంత కలుస్తుంది. రాక్ వాయించేవాళ్లు మామూలుగా మొదటి మూడింటిని పూర్తిగా లాగి, మిగిలినవి లోపలికి నెట్టి మొదలుపెడతారు.

చక్రాలను తిప్పేది సింక్రనస్ మోటారు. దాని వేగం వోల్టేజీని బట్టి కాదు, కరెంటు ఫ్రీక్వెన్సీని (సెకనుకు అది ఎన్నిసార్లు ఊగుతుందో, హెర్ట్జ్‌లలో) బట్టి నడుస్తుంది. అది తనంతట తాను లేవదు కూడా. ముందు 'స్టార్ట్' మీట ఎనిమిది సెకన్లు పట్టుకోవాలి. దాన్ని వదలకుండానే 'రన్' మీట వేసి, ఇంకో నాలుగు సెకన్లయ్యాక స్టార్ట్ వదలాలి. తొందరపడితే మోటారు వేగం అందుకోదు. 60 హెర్ట్జ్ కోసం చేసిన ఆర్గాన్‌ని 50 హెర్ట్జ్ మీద తిప్పితే వేగం ఆరింట అయిదు వంతులకు పడి, శ్రుతి మూడు మెట్లు దిగిపోతుంది. జపాన్‌లో ఒసాకా వైపు కరెంటు 60, టోక్యో వైపు 50. అలాంటి వాద్యంతో రెండు ఊళ్లూ తిరగాలంటే ఫ్రీక్వెన్సీ సరిచేసే యంత్రం వెంట ఉండాల్సిందే. అంతర్వేది తీర్థంలోనో, ప్రభల తీర్థంలోనో జనరేటర్ మీద కచేరీ చేసినవాళ్లకి ఇది వెంటనే తడుతుంది. లోడు పెరిగి జనరేటర్ 50 నుంచి 47కి జారితే, హామండ్ శ్రుతి దాదాపు ఒక మెట్టు పూర్తిగా దిగుతుంది. ఇప్పటి కీబోర్డులకు ఆ చిక్కు లేదు. వాటి శ్రుతి లోపలి క్వార్ట్జ్ స్ఫటికం మీద ఆధారపడుతుంది.

లార్డ్ చేసిన పెద్ద పని ఏమిటంటే, ఆ ఆర్గాన్ తీగని తెచ్చి గిటారిస్టులు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌లోకి పెట్టడం. అప్పటిదాకా హామండ్‌కి జోడీ లెస్లీ పెట్టె. లోపల కొమ్ము గిరగిరా తిరుగుతూ ధ్వనిని అలలు అలలుగా పంపే స్పీకరది. మార్షల్‌లోకి వెళ్లేసరికి ఆర్గాన్ బొంగురుపోయి, గర్జించడం నేర్చుకుంది. రెండో గిటారు లేకుండానే బ్యాండుకి రెండు గిటార్ల బలం వచ్చింది. 'చైల్డ్ ఇన్ టైమ్' మొదలయ్యేది ఆర్గాన్‌తో. 'లేజీ' మొదలయ్యేదీ దానితోనే. 'హైవే స్టార్'లో గిటారు కంటే ముందు విడిగా వాయించేది ఆర్గానే. 1984లో పాత జట్టు మళ్లీ కలిసినప్పుడు 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్' తలుపు తెరిచింది కూడా ఆర్గానే. ఇన్ని కళ్లెదుట పెట్టుకుని ఆ వాద్యానికి ఒక్క వాక్యం ఇవ్వడం అన్యాయం.

'స్మోక్ ఆన్ ద వాటర్' ఎత్తుగడ ఎవరైనా వాయించవచ్చని వ్యాసంలో ఉంది. వాయించవచ్చు. మన పిల్లల్లో చాలామంది తప్పుగానే వాయిస్తున్నారు కూడా. ఎక్కడ తప్పుతోందో చెబుతాం.

అయిదో శ్రుతి, అంటే ఇంగ్లిష్ జి, షడ్జమం అనుకోండి. వరస ఇది: స గ మ, స గ మి మ, స గ మ గ స. ఇక్కడ గ సాధారణ గాంధారం, మ శుద్ధ మధ్యమం, మి ప్రతి మధ్యమం. ఒక్కో స్వరానికీ కింద మరో స్వరం జంటగా పలకాలి. స కింద మంద్ర పంచమం, గ కింద మంద్ర కైశికి నిషాదం, మ కింద షడ్జమం, మి కింద శుద్ధ రిషభం. గిటారు మీదైతే ఈ జంటలన్నీ నాలుగో తీగ, మూడో తీగ మీదే దొరుకుతాయి. ఖాళీ తీగలు, 3వ మెట్టు, 5వ మెట్టు. మళ్లీ ఖాళీ, 3, 6, 5. మళ్లీ ఖాళీ, 3, 5, 3, ఖాళీ. బ్లాక్‌మోర్ ప్లెక్ట్రమ్‌తో గీకడు. రెండు తీగల్నీ రెండు వేళ్లతో ఒకేసారి లాగి వదులుతాడు. గీకితే ఒక తీగ ముందు, ఒకటి వెనక పలికి బిగువు పోతుంది.

మొదటి తప్పు, అందరూ చేసేది: ఆరో తీగ మీద షడ్జమం పట్టుకుని పైన పంచమం చేర్చడం. అప్పుడు 98 హెర్ట్జ్ దగ్గర బరువు పేరుకుని, బేస్ గిటారు వాయించేదాన్ని మింగేస్తుంది. పాటలో జంట తలకిందులుగా ఉంటుంది, పంచమం కింద, షడ్జమం పైన. ఖాళీ తీగల లెక్క చూడండి. పైది 196, కిందిది సుమారు 147, తేడా 49. ధ్వనిని కావాలని చిట్లించినప్పుడు, అంటే డిస్టార్షన్ పెట్టినప్పుడు, ఈ తేడా స్వరం కూడా పుడుతుంది. 49 అంటే రెండు స్థాయిల కిందున్న షడ్జమమే. ఎవరూ కింద వాయించకుండానే కింద షడ్జమం మోగుతుంది. ఆ ఎత్తుగడ బరువంతా అక్కడుంది.

రెండో తప్పు కీబోర్డు వాళ్లది. స, గ, ప మూడూ కలిపి నొక్కి డిస్టార్షన్ పెడతారు. 196, 233, 294. చివరి రెండింటి తేడా 61 దగ్గర పడుతుంది. అది సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఇరుక్కున్న అపస్వరం. అందుకే బురదగా వినిపిస్తుంది. కీబోర్డు బాగోలేదనుకుని కొత్తది కొంటారు. డిస్టార్షన్ పెట్టినప్పుడు రెండు స్వరాలే నొక్కండి, కొనక్కర్లేదు.

మూడోది తాళం. రెండో వరసలోని స తర్వాతి ఆవర్తం సమం మీద పడదు. నాలుగో దెబ్బ దాటిన అర దెబ్బ మీదే ఎత్తుకోవాలి. మన లెక్కలో అతీత ఎడుపు, అంటే సమానికి ముందే ఎత్తుకోవడం. దాన్ని సమానికి తెచ్చేస్తే వరస రెండు ముక్కలైపోతుంది. చేరే క్రమం కూడా గమనించండి. మొదట గిటారు ఒక్కటే, తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు), చిట్లిన ఆర్గాన్, ఆపైన మిగిలిన డ్రమ్స్, బేస్. అందరూ ఒకేసారి పడిపోతే ఎక్కడానికి మెట్టే మిగలదు.

సౌండ్ వాళ్లకి ఒక మాట. ఆర్గాన్ గర్జించాలని మిక్సర్‌ని, పవర్ ఆంప్లిఫయర్‌ని ఎర్రలైటు దాకా తోయకండి. అక్కడ చిట్లిన ధ్వనిలో పై స్వరాల శక్తి బాగా ఎక్కువ. అదంతా పై స్వరాలు పలికించే హారన్ యూనిట్‌లోకి పోయి కాయిల్ కాలిపోతుంది. చిట్లించడం కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య, ఎఫెక్ట్ పెడల్‌లోనో చిన్న గిటార్ ఆంప్లిఫయర్‌లోనో జరగాలి. చిట్లిన ఆ ధ్వనిని మామూలు లెవెల్లో మిక్సర్‌కి ఇవ్వాలి. కీబోర్డు వెనక రెండు జాక్‌లుంటే ఎడమది, 'మోనో' అని రాసి ఉన్నది, ఒక్కటే తీసుకోండి. రెండింటినీ వై కేబుల్‌తో కలిపేస్తే లెస్లీ ఎఫెక్ట్ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ధ్వని పల్చబడుతుంది. సీరియల్ సెట్లు, డిమ్మర్లు ఉన్న ఫేజు నుంచి సౌండ్‌కి కరెంటు తీసుకోవద్దు. ఆ గురగుర డిస్టార్షన్‌లో పదింతలై వినిపిస్తుంది.

వ్యాసంలో అసలు ప్రస్తావనే లేనిది 1969 సెప్టెంబరు 24 కచేరీ. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, మాల్కం ఆర్నాల్డ్ నిర్వహణలో, రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి బ్యాండు వాయించింది. మూడు భాగాల ఆ రచన లార్డ్‌ది. బ్యాండు, ఆర్కెస్ట్రా కలిసిపోయాయని మేం అనం. చాలా చోట్ల ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకున్నట్టే ఉంటుంది. అయినా ఆ ధైర్యానికి దండం పెట్టాలి. తర్వాత ఆ స్వరపత్రాలు పోయాయి. మార్కో డె గోయై అనే డచ్చి సంగీతకారుడు రికార్డింగు వింటూ, వీడియో చూస్తూ మళ్లీ రాసుకొచ్చాడు. 1999 సెప్టెంబరులో అదే హాల్లో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో అది మళ్లీ మోగింది. విని స్వరం రాసుకునే అలవాటున్న మన హార్మోనిస్టులకి ఆ శ్రమ ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు.

మిగతా చరిత్ర క్లుప్తంగా. 1973లో గిల్లన్, గ్లోవర్ వెళ్లిపోయారు. డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూస్ వచ్చి 1974లో 'బర్న్' చేశారు. 1975లో బ్లాక్‌మోర్ వెళ్లాక టామీ బోలిన్ గిటారు పట్టాడు. 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో బ్యాండు ఆగింది. వ్యాసమూ అక్కడే ఆగిపోయింది. కానీ 1984లో మార్క్ టూ జట్టు తిరిగి వచ్చింది. 1993లో బ్లాక్‌మోర్ పర్యటన మధ్యలోనే వెళ్లిపోతే జో సాట్రియాని కొన్నాళ్లు ఆదుకున్నాడు. ఆ తర్వాత స్టీవ్ మోర్స్ 1994 నుంచి 2022 దాకా ఉన్నాడు, ఇప్పుడు సైమన్ మెక్‌బ్రైడ్. లార్డ్ 2002లో విరమించుకుని, ఆర్గాన్ డాన్ ఎయిరీకి అప్పగించాడు. 2012 జులై 16న కన్నుమూశాడు.

సవరణ వేసేటప్పుడు ఇంకొకటి కూడా చూడండి. 'మేడ్ ఇన్ జపాన్' కచేరీ ఆల్బమ్ రికార్డయింది 1972 ఆగస్టు 15, 16, 17 తేదీల్లో. మొదటి రెండు రోజులు ఒసాకా, మూడోది టోక్యో. మీ వ్యాసంలో మూడూ టోక్యో అని పడింది.

ఇట్లు,
కీబోర్డు, సౌండ్ పనివారు కొందరు,
పాలకొల్లు