ఒరేయ్ రాజూ, ముందు ఆ టెలిగ్రామ్ గ్రూపు సంగతి

ఒరేయ్ రాజూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్ చేస్తే మధ్యలో షాపులోకి ఎవరో ఒకరు యూరియా కోసం వస్తారు, మాట తెగిపోతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. మధ్యాహ్నం పూట ఎలాగూ బేరాలు ఉండవు కదా, ఆ టైములో ఫోన్‌లో ఏదైనా చేసి పాప ట్యూషన్ ఫీజుకైనా సంపాదించుకోవచ్చా అని అడిగావు. కొంతవరకు వస్తాయి. కానీ ముందు ఆ టెలిగ్రామ్ గ్రూపు సంగతి తేల్చుకుందాం, నిన్నటి నుంచి నాకు టెన్షన్ అదే.

యూట్యూబ్ వీడియోలకి లైక్ కొట్టి స్క్రీన్‌షాట్ పంపితే ఒక్కోదానికి యాభై ఇస్తామన్నారు, నూట యాభై నిజంగానే ఖాతాలో పడ్డాయి అన్నావు. పడతాయి రా, అదే ఎర. రేపో ఎల్లుండో ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటారు, వెయ్యి కడితే పదమూడొందలు వస్తాయంటారు, ఆ పదమూడొందలూ నీకు ఇచ్చినా ఇస్తారు. తర్వాత ఐదు వేలు, ఆ తర్వాత ఇరవై వేలు. వాళ్ళ వెబ్‌సైట్‌లో నీ పేరు మీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది గానీ, తీసుకుందామంటే మాత్రం ముందు ట్యాక్స్ కట్టమంటారు, లేకపోతే ఇంకో టాస్క్ పూర్తి చెయ్యమంటారు. గ్రూపులో ‘నాకు వచ్చేశాయి మేడమ్, థాంక్యూ’ అని పెట్టేవాళ్ళంతా వాళ్ళ మనుషులే. ఇవాళే అందులోంచి బయటికి రా. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే అది పని కాదు, అంతే. నీ ఖాతాలోకి డబ్బులు వేస్తాం, వాటిని ఇంకొకరికి పంపితే కమీషన్ ఇస్తాం అంటే అసలు ఒప్పుకోకు, అవి వేరేవాళ్ళని మోసం చేసి లాగిన డబ్బులు, ముందు ఫ్రీజ్ అయ్యేది నీ ఖాతానే, పోలీసులు వచ్చేదీ నీ ఇంటికే. మీ బజారులో ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడి దాచుకోవద్దని చెప్పు, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యమను. ఎంత త్వరగా చేస్తే డబ్బు దారిలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ.

రమ్మీ యాప్‌ల గురించి కూడా అడిగావు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణలో 2017లోనే ఆపేశారు, మన ఆంధ్రలో 2020లో, ఇక 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. ఇప్పుడు ఎవడైనా లింక్ పంపాడంటే అది చట్టానికి బయట నడిచేదే, దాని జోలికి పోకు.

ఇక నిజంగా డబ్బులిచ్చేవాటి సంగతి. నీకు గుర్తుందా, జియో రాకముందు ఎంసెంట్ అనే యాప్‌లో వాళ్ళు చెప్పిన యాప్‌లు ఇన్‌స్టాల్ చేసి రీఛార్జ్ చేయించుకునేవాళ్ళం, డేటా దొరకడమే గొప్పగా ఉన్న రోజులవి కాబట్టి ఆ పది రూపాయలకి విలువ ఉండేది. 2019 దీపావళికి గూగుల్ పేలో రంగోలి స్టాంప్ కోసం ఊరంతా ఎలా వెతికిందో! ఐదు స్టాంపులూ కూడితే 251 రూపాయలు. ఆ రోజులు పోయాయి, స్క్రాచ్ కార్డు గీస్తే ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా కూపన్లే. గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ మాత్రం పెట్టుకో. ఫలానా షాపుకి ఈ మధ్య వెళ్ళారా, డబ్బు ఎలా కట్టారు అని నాలుగు ప్రశ్నలు అడుగుతుంది, అర నిమిషం పని, కొన్ని రూపాయలు వస్తాయి. కానీ మన ఆండ్రాయిడ్ ఫోన్లలో అవి ప్లే స్టోర్ బ్యాలెన్స్‌గానే వస్తాయి, ఖాతాలో పడవు, ఏడాదిలోపు వాడకపోతే పోతాయి కూడా. పాపకి ప్లే స్టోర్‌లో ఏదైనా పుస్తకం కొనడానికి పనికొస్తుంది, ట్యూషన్ ఫీజుకి కాదు.

నేను గమనించింది ఏంటంటే రా, ఎవరైనా చెయ్యగలిగే పనికి, అంటే వీడియో చూడటం, నడిచిన అడుగులు లెక్కపెట్టించుకోవడం, ప్రకటన నొక్కడం, వీటికి ఎప్పటికీ చిల్లరే. నీ దగ్గర మాత్రమే ఉన్నదేదో అమ్మితే కాస్త లెక్క తేలుతుంది. నీ దగ్గర రెండున్నాయి, మీ ఊరు, నీ గొంతు.

ఊరి సంగతి ముందు చెప్తా. ఇంకో నెల రోజుల్లో మీ వైపు మిరప కల్లాలు ఎర్రగా పరుచుకుంటాయి. అలాంటి ఫోటోలు షట్టర్‌స్టాక్, అడోబ్ స్టాక్ లాంటి ఫోటోలు అమ్మే వెబ్‌సైట్లలో పెట్టొచ్చు, కావలసినవాళ్ళు డౌన్‌లోడ్ చేసుకున్నప్పుడల్లా నీకు వాటా వస్తుంది. అడోబ్ స్టాక్‌లో ఫోటోకి 33 శాతం. షట్టర్‌స్టాక్‌లో 15 శాతం దగ్గర మొదలై డౌన్‌లోడ్‌లు పెరిగేకొద్దీ పెరుగుతుంది, కాకపోతే ప్రతి జనవరి 1న మళ్ళీ మొదటికి తెస్తారు, అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఒక్కో డౌన్‌లోడ్‌కి 10 సెంట్లే రావచ్చు, అంటే పది రూపాయలు కూడా ఉండదు, 25 డాలర్లు జమయ్యేదాకా చేతికి రాదు. అందుకే పది ఫోటోలు పెట్టి ఎదురుచూస్తే లాభం లేదు, ఏడాది పొడవునా పెడుతూ పోవాలి. ఒకసారి పెట్టింది మాత్రం నువ్వు నిద్రపోతున్నా అక్కడే ఉంటుంది.

తీసేటప్పుడు పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నం ఎండలో ఎరుపంతా మండిపోయి కాయకీ కాయకీ తేడా తెలియదు. మోకాలి మీద కూర్చుని, తొడిమలు కనిపించేంత దగ్గరగా ఒకటి, కల్లం చివరిదాకా వచ్చేలా ఇంకొకటి తియ్యి. లెన్స్ చొక్కాతో తుడుచుకో, మీ షాపులో దుమ్ము నాకు తెలుసు. తాలు కాయలు ఏరే ఆడవాళ్ళ ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే వాళ్ళ సంతకంతో ఒప్పుకోలు పత్రం ఉండాలి, లేకపోతే తిప్పి పంపుతారు, అందుకని చేతుల వరకే తియ్యి. ఆ చేతులు, గాజులు, ఎర్రటి కాయలు, అలాంటిది ఊళ్ళో ఉన్న నువ్వే తియ్యగలవు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు పనికిరావు, కనీసం 4 మెగాపిక్సెల్ ఉండాలి, ఫోన్‌లో తీసిన అసలు ఫైలే పెట్టాలి.

ఇక గొంతు. తెలుగు అర్థం చేసుకునే కంప్యూటర్లకి తెలుగు మాటలు కావాలి, వాటికి డబ్బులిచ్చే సంస్థలు ఉన్నాయి. బెంగళూరులో కార్య అని ఒకటి ఉంది, గంటకి దాదాపు 5 డాలర్ల లెక్కన ఇస్తుందని పేరు తెచ్చుకుంది, మనం చదివిన మాటల్ని మళ్ళీ ఎవరికైనా అమ్మితే అందులోనూ వాటా ఇస్తుంది. అయితే యాప్ దింపుకోగానే పని దొరకదు, ఎక్కువగా ఊళ్ళలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల ద్వారా, అవసరం ఉన్నవాళ్ళకి ముందు ఇస్తారు. మీ మండలంలో అలాంటివాళ్ళు ఉంటే అడుగు. నేను ఒకచోట ఇలాంటి పని చేశాను. తెర మీద ఒక వాక్యం వస్తుంది, బటన్ నొక్కి చదవాలి, ఆపాలి, మళ్ళీ ఇంకొకటి. ఫ్యాన్ ఆపి చదవాలి, పక్కింటి కుక్కర్ విజిల్ పడినా ఆ వాక్యం రిజెక్ట్. నీ పల్నాటి యాస మార్చి టీవీ తెలుగు మాట్లాడకు, నీ మాట నీలాగే ఉండటం వాళ్ళకి కావాలి. చేతికొచ్చిన డబ్బు పక్కన పెడితే, మన యాస అర్థం కాని ఫోన్ మన నాన్నలకి ఎందుకు పనికొస్తుంది చెప్పు, ఆ పని నాకు ఇష్టంగా అనిపించింది అందుకే.

మీషో అనే షాపింగ్ యాప్‌లోని చీరలు వాట్సాప్‌లో పెట్టి, ధర మీద మన మార్జిన్ వేసుకుని అమ్మడం లక్ష్మికి బాగా కుదురుతుంది, తనకి తెలిసినవాళ్ళు ఎక్కువ. రిటర్న్ వస్తే మార్జిన్ రాదని మాత్రం ముందే చెప్పు, చీర రంగు ఫోటోలో ఒకలా, చేతికొచ్చాక ఒకలా ఉంటే మాట పడేది తనే.

ఏ యాప్ అయినా కాంటాక్టులు, మెసేజ్‌లు చూడటానికి అనుమతి అడిగితే ఇవ్వకు. డబ్బులు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, ఆ పిన్ అడిగారంటే నీ దగ్గరి నుంచి పోతున్నాయని అర్థం.

గ్రూపులోంచి వచ్చేశాక నాకొక మెసేజ్ పెట్టు. కల్లాలు మొదలవగానే నాలుగు ఫోటోలు డాక్యుమెంట్‌గా పంపు, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. వాటికి ఏ పేర్లు పెట్టాలో, పాన్ కార్డు ఎక్కడ ఇవ్వాలో ఆదివారం వీడియో కాల్‌లో చూపిస్తా. లక్ష్మిని, పాపని అడిగానని చెప్పు. బాబాయి మోకాలు నొప్పి ఎలా ఉంది?

నీ
శీను