గరుడ సేవ నాడు దొరకని ప్లంబరు

తిరుపతి,
16 నవంబరు 2025.

ప్రియమైన మురళీ,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగ విరమణ తర్వాత తిరుపతిలోనే ఫ్లాటు తీసుకుని స్థిరపడాలని నువ్వూ చెల్లెమ్మా నిర్ణయించుకున్నారని చదివి ఎంత సంతోషించానో, చివర నువ్వు వేసిన ప్రశ్న చూసి అంత నవ్వుకున్నాను. గాలీ వెలుతురూ ఎలా ఉంటాయి, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళు అని అడగకుండా, "సరుకులకూ రిపేర్లకూ ఇబ్బంది లేదు గదా" అని అడిగావు. ముప్పై ఏళ్ళు సంసారం చేసినవాడు అడగవలసిన ప్రశ్న అదే. మూడేళ్ళుగా ఈ ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో, నాలుగో అంతస్తులో ఉంటూ నేను నేర్చుకున్నది ఫోనులో చెప్పబోతే నువ్వు మాటమాటకూ అడ్డు తగులుతావు కాబట్టి, తీరికగా కాగితం మీద పెడుతున్నాను.

మొదట సూపర్‌మార్కెట్ల సంగతి. చిత్తూరులో, మన గిరింపేట శెట్టిగారి అంగడికి చీటీ తీసుకెళ్ళిన రోజులు నీకు గుర్తున్నాయి గదా. ఆయన పొట్లాలు కట్టి, ఖాతా పుస్తకంలో రాసుకుని, చేతిలో ఇన్ని బొరుగులు పోసి పంపేవాడు. తూకం మీద అనుమానం వచ్చినా మన నాన్నలు నోరెత్తేవాళ్ళు కాదు, ఎందుకంటే నెలాఖరు దాకా మన ఇళ్ళ పరువు ఆయన పుస్తకంలోనే ఉండేది. ఇక్కడ నడిచి వెళ్ళగలిగిన దూరంలోనే రెండు పెద్ద దుకాణాలు ఉన్నాయి. చల్లగా ఉంటాయి, సరుకు శుభ్రంగా ఉంటుంది, బిల్లు గజం పొడవున వస్తుంది. ఇవన్నీ మంచివే. అయితే ఆ బిల్లును ఇంటికి వచ్చాక కాకుండా, తలుపు దాటక ముందే చదవాలని నాకు ఒక మామిడికాయ నేర్పింది.

మొన్న మే నెలలో మీ చెల్లెలు పచ్చడికీ పప్పుకూ పనికివస్తాయని తోతాపురి కాయలు తూకం వేయించి తెమ్మంది. తూకం దగ్గర ఉన్న కుర్రవాడు కాయల్ని త్రాసు మీద పెట్టి, తెర మీద ఏదో అంకె నొక్కి, చీటీ అంటించి ఇచ్చాడు. బిల్లులో చూస్తే 1 కిలో 400 గ్రాముల బంగినపల్లి అని ఉంది. కిలోకు 50 రూపాయల కాయకు 80 చొప్పున వేశారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు మైళ్ళ కొద్దీ బారులు తీరి ఉండడం చూస్తూ పెరిగినవాడికి, ముక్కు వంకర తిరిగిన ఆ కాయను చూపించి బంగినపల్లి అంటే ఎలా ఉంటుందో ఊహించు. కుర్రవాడు కాయ వైపు చూడలేదు, తెర వైపే చూసి, "సిస్టంలో అదే వచ్చింది సార్" అన్నాడు. మేనేజరు వచ్చి తప్పు ఒప్పుకున్నాడు గానీ, నాకు రావలసిన 42 రూపాయలు నగదుగా ఇవ్వడం కుదరదని, నా ఫోను నంబరు మీద జమ చేస్తానని, వారం లోపల మళ్ళీ ఏదైనా కొంటే అందులో తగ్గుతుందని చెప్పాడు. అంటే వాళ్ళ తప్పు దిద్దుకోవడానికి నేను మళ్ళీ బేరం చేయాలి. 1915కు ఫోను చేస్తే వినియోగదారుల ఫిర్యాదు నమోదు చేస్తారని నాకు తెలుసు, ఆ మాట పైకి కూడా అన్నాను. నగదు అప్పుడు వచ్చింది. 42 రూపాయలకు అంత రభస దేనికని మీ చెల్లెలు దారి పొడవునా నాతో మాట్లాడలేదన్నది వేరే విషయం.

ఇంకొకటి, నూనె ప్యాకెట్లు. మనకు నూనె ప్యాకెట్ అంటే లీటరు అనే లెక్క మనసులో పాతుకుపోయింది. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు అదే పొడవు, అదే రంగు, అదే బొమ్మతో 870 గ్రాముల ప్యాకెట్లు కూడా పక్కపక్కనే పేరుస్తున్నారు. ఒకనాడు 910 గ్రాములది 165 రూపాయలు, 870 గ్రాములది 160 రూపాయలు ఉంటే, ఐదు రూపాయలు మిగిలాయని రెండోది తెచ్చాను. ఇంట్లో లెక్క వేస్తే మొదటిది గ్రాముకు 18.13 పైసలు, నేను తెచ్చినది 18.39 పైసలు పడింది. చవక అనుకున్నదే ప్రియమన్న మాట. గ్రాముకు ఎంత పడుతుందో ప్యాకెట్ మీదే ముద్రించాలని నిబంధన ఉంది, ముద్రిస్తున్నారు కూడా, కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో. అందుకే జేబులో చదువుకునే కళ్ళద్దాలు లేకుండా నేను సూపర్‌మార్కెట్‌కు వెళ్ళను.

అలాగని కంప్యూటరు ఎప్పుడూ మనకు శత్రువే అనుకోవద్దు. సెప్టెంబరు 22న సబ్బులు, పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, పెద్ద దుకాణంలో అర మీద పాత ధర చీటీయే ఉన్నా బిల్లులో కొత్త ధరే పడింది. పన్నుతో 118 ఉన్నది 105 కావాలి, అయింది. సందు చివరి చిన్న అంగడిలో మాత్రం, "పాత సరుకు స్వామీ, నేను పాత ధరకే తెచ్చినాను గదా" అని కార్తీక మాసం వచ్చేదాకా పాత రేటే తీసుకున్నారు. ఆయనకు నిజంగానే నష్టమో, లేక మాటకారితనమో నేను తేల్చుకోలేకపోయాను. అయినా కూరగాయలకు, ముఖ్యంగా చలికాలంలో అనపకాయలకు, నేను పెద్ద దుకాణం గడప తొక్కను. అక్కడి కుర్రవాళ్ళలో సగం మందికి అనపకాయకూ చిక్కుడుకాయకూ తేడా తెలియదు. ఉర్లగడ్డలు అంటే బంగాళాదుంపలా అని తిరిగి అడుగుతారు. రోడ్డు పక్క గంప పెట్టుకుని కూర్చునే అమ్మ దగ్గరైతే, గింజ ముదిరిందా, పితికిపప్పుకు పనికివస్తుందా అని అడిగితే, ఆమే ఒక కాయ ఒలిచి చేతిలో పెడుతుంది.

ఇక ఇంటికి వచ్చి పనిచేసేవాళ్ళ సంగతి. అసలు కథ ఇక్కడే ఉంది. దుకాణంలో అన్నీ రాసి ఉంటాయి, అడిగితే చెప్పేవాడు ఉండడు. ఈ పనుల్లో అడిగిన ప్రతిదానికీ జవాబు ఉంటుంది, రాసిన కాగితం ముక్క ఒక్కటీ ఉండదు.

నీళ్ళ యంత్రాన్నే తీసుకో. మా సంపులో మున్సిపాలిటీ నీళ్ళూ బోరు నీళ్ళూ కలుస్తాయి కాబట్టి, నీళ్ళు శుద్ధి చేసే ఈ ఆర్వో యంత్రం లేకుండా ఇక్కడ గడవదు. మొదటి ఏడాది ధార సన్నగా వస్తోందని యాప్‌లో బుక్ చేస్తే, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని వచ్చిన అబ్బాయి లోపల లవణాల్ని వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, పోయిందని చెప్పి, మార్చి, 2,800 రూపాయలు తీసుకున్నాడు. మరుసటి ఏడాది మళ్ళీ ధార సన్నబడింది, మరొక అబ్బాయి వచ్చాడు, మళ్ళీ అదే మాట. ఈసారికి నేను 250 రూపాయలు పెట్టి టీడీఎస్ మీటరు కొని ఉంచుకున్నాను. నీళ్ళలో కరిగిన లవణాల లెక్క అది. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ, అదే బీఐఎస్, పెట్టిన ప్రమాణం. మా కుళాయి నీళ్ళు 780 చూపించాయి, యంత్రం నుంచి వచ్చినవి 64 చూపించాయి. మెంబ్రేన్ పాడైతే ఆ 64 ఎక్కడికో ఎక్కాలి గదా అని అడిగాను. అబ్బాయి మీటరు వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, అయితే ముందు ఉండే ఫిల్టరు మట్టితో పూడి ఉంటుందని చెప్పి, చవకగా అయ్యే ఆ ఒక్కటి మార్చి వెళ్ళాడు. ధార బాగా వచ్చింది. మొదటి ఏడాది పోసిన 2,800 ఇప్పటికీ కడుపులో తిప్పుతూనే ఉంది. అన్నట్టు, ఆ యంత్రం ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి సుమారు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. వాటిని బకెట్‌లో పట్టి నేల తుడుచుకుంటున్నాము.

ఏసీది కూడా ఇదే పాట. ఏప్రిల్ ఎండల్లో కొండ రాళ్ళు కాగి రాత్రంతా సెగ వదులుతుంటే, ఏసీ చల్లబడడం లేదని పిలిస్తే, వచ్చినవాడు ముందు అనే మాట, "గ్యాస్ అయిపోయింది సార్". అది వంట గ్యాస్ కాదు వాడుకుంటే అయిపోవడానికి. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, ఎక్కడో కారితే తప్ప తగ్గదు. ఎక్కడ కారిందో చూపించి, దాన్ని అతికిన తర్వాత గ్యాస్ నింపమని అడుగు. మా విషయంలో కారిందీ లేదు, తగ్గిందీ లేదు. కొర్లగుంట వైపు ఉండే పాత మెకానిక్ ఒకాయన వచ్చి, బయటి పెట్టెలో పావురాలు పేర్చిన పుల్లలు తీసి, నీళ్ళతో కడిగి, 500 తీసుకుని వెళ్ళాడు.

సిలిండరు విషయంలో మాత్రం నా మనసు ఇప్పటికీ రెండు రకాలుగా ఉంది. నిండు సిలిండరులో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి. ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది. ఆ రెండూ కలిపి తూకం చూసుకున్నాకనే ఫోనుకు వచ్చిన నాలుగంకెల సంఖ్య చెప్పడం నా పద్ధతి. ఇంటికి చేర్చే ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది కాబట్టి, తెచ్చినవాడు పైన యాభై అడిగితే ఇవ్వనక్కరలేదు. రెండేళ్ళు నేను ఇవ్వలేదు కూడా. అయితే లిఫ్టు చెడిపోయి పదకొండు రోజులు ఆగిన సమయంలో, ఆ మనిషి సిలిండరును భుజాన వేసుకుని నాలుగు అంతస్తులు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి ఊపిరి తీసుకోలేక, నోరు తెరిచి ఏమీ అడగకుండా ఉండిపోయాడు. ఆ రోజు వంద ఇచ్చాను. తర్వాత లిఫ్టు బాగైనా యాభై ఇస్తూనే ఉన్నాను. నిబంధన ప్రకారం నేను చేస్తున్నది తప్పు. ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు, నా వల్లే అందరికీ ఆ రేటు స్థిరపడిందని, కనిపించినప్పుడల్లా గుర్తుచేస్తున్నారు.

తిరుపతికే ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది, అది మీ విశాఖపట్నంలో ఊహకు కూడా అందదు. ఇక్కడ ఇల్లు ఉందంటే, చుట్టాలందరికీ ఒక సత్రం ఉన్నట్టే. మొన్నటి బ్రహ్మోత్సవాల్లో, సెప్టెంబరు 28న, ఐదో రోజు గరుడ సేవ. మీ చెల్లెలి వైపువాళ్ళు ఏడుగురు వచ్చారు, అందులో ముగ్గురు గుండు చేయించుకుని వచ్చినవాళ్ళు. వరుసగా స్నానాలు జరుగుతుండగా స్నానాలగది నీళ్ళు పోవడం మానేసి, హాలు గడప దాకా వచ్చాయి. నాకు తెలిసిన ప్లంబరుకు ఫోను చేస్తే వెనక నుంచి గోవిందనామాలు వినిపించాయి, "సార్, నేను కొండమీద ఉన్నాను" అన్నాడు. రెండోవాడూ కొండమీదే. ఎలక్ట్రీషియన్‌కు ఏమైనా తెలుస్తుందేమోనని అడిగితే అతడూ కొండమీదే. ఊరికి పనిచేసిపెట్టేవాళ్ళంతా గరుడ వాహనం చూడడానికి పోయారు, వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. చివరకు యాప్‌లో సాయంత్రం ఏడు గంటలకు వస్తారని చూపించిన మనిషి, అలిపిరి వైపు రోడ్లు కిక్కిరిసి ఉండడం వల్ల తొమ్మిదిన్నరకు వచ్చి, జాలీ ఎత్తి, ఒక షాంపూ ప్యాకెట్టూ గుప్పెడు వెంట్రుకలూ బయటికి తీసి, 900 రూపాయలు తీసుకున్నాడు. రసీదు అడిగితే, యాప్‌లో వస్తుందన్నాడు. ఇంతవరకు రాలేదు. పది రోజులకు మళ్ళీ నీళ్ళు ఆగితే, ఫిర్యాదు చేయడానికి నా దగ్గర అతడి పేరు కూడా లేదు.

ఆ రెండోసారి నా పాత ప్లంబరే వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొడిగా మాట్లాడతాడు, చెప్పిన వేళకు రాడు. కానీ పని అయిన తర్వాత, పైపులు దిగే డక్టు తలుపు లోపలి వైపు, చెవి మీది పెన్సిలు తీసి తేదీ వేసి, ఏ అంతస్తులో ఏ వాల్వు మార్చాడో రాస్తాడు. మేము ఈ ఇంట్లోకి రాక ముందు నుంచీ అలా రాస్తూ వస్తున్నాడు. అక్కడ చూసి, మా కింది అంతస్తులో రెండేళ్ళ కింద వంపు దగ్గర పైపు అతికించానని, అడ్డుపడుతున్నది అక్కడేనని, మా గదిలో కాదని ఐదు నిమిషాల్లో తేల్చాడు. అది చూశాక మీ చెల్లెలు కూడా వంటగది అల్మరా తలుపు వెనక ఒక కాగితం అంటించి, ఫిల్టరు, ఏసీ, గీజరు, ఎవరు వచ్చారు, ఏమి మార్చారు, ఎంత ఇచ్చాము అని రాయడం మొదలుపెట్టింది. మొదటి వరుసలోనే ఎర్ర సిరాతో 2,800 అని ఉంది, అది నన్ను ఉద్దేశించి రాసినది.

మా అపార్టుమెంటులో రెండో అంతస్తు ఫ్లాటు అమ్మకానికి ఉంది. డిసెంబరు 30న వైకుంఠ ఏకాదశి, ఆ రోజు నుంచి పది రోజులు ఊరు ఊరులా ఉండదు, అందువల్ల దానికి ముందే, డిసెంబరు మొదటి వారంలో రండి. అప్పటికి అనపకాయలు బాగా వస్తుంటాయి, పితికిపప్పు కూరతో సంగటి పెడతాము. ఆ ఫ్లాటు హాలూ పడకగదులూ చెల్లెమ్మ చూసుకుంటుంది. నువ్వు మాత్రం నీ కళ్ళద్దాలు తెచ్చుకుని, ముందు డక్టు తలుపు తెరిచి, రెండో అంతస్తు కింద పెన్సిలుతో ఎన్ని వరుసలు ఉన్నాయో చదువు. ధర సంగతి ఆ తర్వాత మాట్లాడదాము.

ఇట్లు,
నీ
రమణ